అబిడ్స్ ఆదివారం సంత: తీగ తెంపక ముందే వెళ్లండి

మా ఆవిడ దీన్ని చెత్తబేరం అంటుంది. ఆదివారం పొద్దున్నే చేతిసంచీ పట్టుకుని బయల్దేరుతుంటే "ఇవాళ ఎవరింటి చెత్త?" అని అడుగుతుంది. వెటకారంగా అడిగినా ప్రశ్న సరైనదే. హైదరాబాదు అబిడ్స్‌లో ఫుట్‌పాత్ మీద జరిగే పాత పుస్తకాల సంతలో నేను కొనేవన్నీ ఎవరో ఒకరు ఇల్లు ఖాళీ చేస్తూ బయట పడేసినవే. పాత ఉత్తరాలు, శుభలేఖలు, రసీదులు, కరపత్రాలు, అట్ట ఊడిపోయిన ఊళ్ల చరిత్రలు. అవి ఎవరింటివో తెలిస్తే వాటికి ఒక విలువ, తెలియకపోతే ఇంకో విలువ. ఇరవై ఏళ్లుగా ఈ సంతకి వెళ్తున్నాను. దాని గొప్పా దాని లోపమూ రెండూ ఆ ఒక్క ప్రశ్నలోనే ఉన్నాయని ఈ మధ్యే తెలిసొచ్చింది.

నా సంగతి కొంచెం చెప్పాలి. ఆర్.ఎం.ఎస్.లో, అంటే రైల్వే మెయిల్ సర్వీసులో, ముప్పై మూడేళ్లు సార్టరుగా చేసి రిటైరయ్యాను. మొదట బెజవాడ వై డివిజన్, తర్వాత హైదరాబాదు జెడ్ డివిజన్. కదిలే రైల్లో నిలబడి రాత్రంతా ఉత్తరాలు గూళ్లలోకి విసిరిన చెయ్యి ఇది. అడ్రసు ముందు చేతికి తెలిసేది, తర్వాత బుర్రకి తెలిసేది. మాది బందరు. అందుకని పోగుచేసేది కూడా బందరు కాగితాలే. ఇంకో ఊరివి ఎంత బాగున్నా చూసి పెట్టేస్తాను. దేశంలోని పాత కాగితమంతా కొనాలంటే నా పెన్షన్ చాలదు, మా రెండు గదుల ఇల్లూ చాలదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి కూడా ఇదే చెబుతాను. ఒక ఊరు, లేదంటే ఒక తాలూకా పట్టుకోండి. ఊరు పట్టుకుంటే కాగితం మనతో మాట్లాడుతుంది. 'పరాసుపేట' అని అడ్రసులో కనబడగానే ఒకప్పుడు ఫ్రెంచివాళ్లు ఉన్న పేట అనీ, 'వలందపాలెం' అంటే డచ్చివాళ్లదనీ తెలిసిన వాడికి, అదే కార్డు మామూలు స్టాంపుల కలెక్టరుకి కనబడినట్టు కనబడదు.

ఇక చోటు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో పనిచేసిన ఆల్బర్ట్ అబిడ్ అనే ఆర్మీనియన్ ఇక్కడ దుకాణం పెట్టాడు. ఆయనా పోయాడు, దుకాణమూ పోయింది, పేటకి పేరు మాత్రం మిగిలింది. వారమంతా బట్టల షాపులు, చెప్పుల షాపులు, హారన్లు. ఆదివారం ఆ షట్టర్లు చాలావరకు దించి ఉంటాయి. వాటి ముందు మెట్ల మీదా ఫుట్‌పాత్ మీదా పట్టాలు పరిచి పుస్తకాలు గుట్టలు పోస్తారు. జీపీవో ఎదుట నెహ్రూ విగ్రహం దగ్గర నడక మొదలుపెడితే ఊరికే చూసుకుంటూ పోయేవాళ్లకి రెండు గంటలు, నాలాగా ప్రతి గుట్ట అడుగూ కెలికేవాళ్లకి నాలుగు గంటలు పడుతుంది. బండి తేవద్దు. నాంపల్లి మెట్రోలో దిగి నడిచి రావడం సుఖం.

గుట్టల్లో ముప్పాతిక వంతు మనకి పనికిరానివి. పోటీ పరీక్షల గైడ్లు, కంప్యూటరు పుస్తకాలు, ఇంగ్లీషు నవలలు, పిల్లల బొమ్మల పుస్తకాలు. "ఏదైనా యాభై, ఏదైనా యాభై" అని అరుస్తుంటారు. తెలుగు పుస్తకాలు ఎప్పుడూ చివర్న, గోడవారగా ఉంటాయి. వాటి కింద, అట్టలు లేనివి, తాడుతో కట్టినవి ఉంటాయి. మోకాళ్లు నొప్పిగా ఉన్నవాళ్లు ఒక చిన్న ప్లాస్టిక్ పీట తెచ్చుకోవాలి. నేను తెచ్చుకుంటాను. ఫుట్‌పాత్ మీద పీటేసుకుని కూర్చున్న ముసలాణ్ని చూసి ఓ కుర్రాడు నన్నే "ఇది ఎంత అంకుల్?" అని అడిగాడు. నలభై అని చెప్పేశాను. అసలు అమ్మేవాడు ముప్పైకే ఇచ్చాడట.

ఊరి చరిత్రల విషయంలో ఈ సంత బాగుంటుంది, కానీ ఆశ మరీ ఎక్కువ పెట్టుకోకూడదు. గోర్డన్ మెకంజీ 1883లో రాసిన కృష్ణా జిల్లా మాన్యువల్ లాంటివి ఇక్కడ నాకు ఒక్కసారి కూడా కనబడలేదు. అలాంటి వాటిని ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో స్కాన్ చూసుకుని తృప్తిపడటమే. దొరికేవి వేరే ఉంటాయి. 1961 జనాభా లెక్కలప్పుడు జిల్లాకొకటి చొప్పున జాతరలు, పండగల మీద పుస్తకాలు వేశారు. తాలూకాల వారీగా, గ్రామాల వారీగా ఏ ఊళ్లో ఏ దేవత, ఏ నెలలో తిరనాళ్లు అని రాసి ఉంటుంది. లావుగా, బూడిదరంగు కాగితంతో, ఎవరూ ముట్టుకోకుండా పడుంటాయి. కృష్ణా జిల్లాది నాకు నూట యాభైకి దొరికింది. అది ఇంగ్లీషు పుస్తకం కాబట్టే ఆ రేటు చెప్పాడు, తెలుగైతే ఇంకా తక్కువకి వచ్చేది. స్కూళ్ల స్వర్ణోత్సవ సంచికలు, దేవాలయాల స్థలపురాణాలు, పంచాయతీ సమితి సావనీర్లు ఇరవైకీ ముప్పైకీ ఇస్తారు. నన్నడిగితే ఊరి చరిత్ర అంటే అవే. ఆ సావనీర్ల వెనక పేజీల్లో ప్రకటనలు చూడండి. బియ్యం మిల్లు, సైకిల్ షాపు, సోడా ఫ్యాక్టరీ, ఫోటో స్టూడియో, అన్నీ అడ్రసులతో సహా దిగుతాయి. అసలు వ్యాసాలు ఎక్కువగా మంత్రిగారి సందేశాలే.

ముద్రణ సంవత్సరం ఉన్న పేజీ చినిగిపోయి ఉంటే వెల చూడండి. '1–8–0' అని రూపాయి అణాలు పైసల్లో ఉంటే 1957 ఏప్రిల్‌కి ముందుది. నయాపైసలు అని ఉంటే ఆ తర్వాతది. వెల పక్కన హాలీ అనో ఓ.ఎస్. అనో ఉంటే అది నిజాం రూపాయల్లో వేసిన వెల. ఇంకో మాట. లోపల గ్రంథాలయం ముద్ర ఉండి, దాన్ని కొట్టేసిన ముద్ర లేకపోతే నేను కొనను. ఎక్కణ్నుంచి ఎలా వచ్చిందో చెప్పలేం. మిత్రులు కొంటారు, "అక్కడుంటే చెదలు తినేసేది" అంటారు. ఆ వాదన నాకు నచ్చదు, అలాగని వాళ్లతో పోట్లాడనూ పోట్లాడను.

పుస్తకాల సంగతి ఇక్కడితో ఆపుతాను. నేను వెళ్లేది కాగితాల కోసం.

మా చిన్నప్పుడు ఇంటింటా గోడకి ఒక మేకు, ఆ మేకుకి వేలాడుతూ ఒక ఇనప తీగ ఉండేది. తీగ అడుగున చిన్న చెక్కబిళ్ల. వచ్చిన ఉత్తరం అందరూ చదివాక నాన్న దాన్ని నడిమధ్యలో ఆ తీగకి గుచ్చేవాడు. పాతది అడుగున, కొత్తది పైన. తీగ నిండిపోతే అటక మీదకి పోయేది, కొత్త తీగ వచ్చేది. అందుకే పాత కార్డులకి నడుమ చిల్లు ఉంటుంది. స్టాంపులు, కార్డులు పోగుచేసే పెద్దమనుషులు ఆ చిల్లు చూసి "డ్యామేజీ" అని రేటు తగ్గిస్తారు. నాకు ఆ చిల్లే రుజువు. ఈ కార్డు ఒక ఇంట్లో, ఒక తీగ మీద, తన ముందు కార్డుకీ తన వెనక కార్డుకీ మధ్య ఉండేదని చెబుతుంది. తేదీ రాయని కార్డులు, ముద్ర సరిగ్గా పడని కార్డులు బోలెడు. మా డిపార్ట్‌మెంటు వాళ్లం ముద్రలు కొట్టిన తీరు మాకు తెలుసు కదా! తీగ మీద ఉంటే పైనదీ కిందదీ చూసి ఏ నెలలో వచ్చిందో చెప్పేయొచ్చు.

ఇంకో సంగతి, తీగ ఉంటేనే బయటపడేది. చావు కబురు కార్డుని మనవాళ్లు ఇంట్లో ఉంచరు. పైన 'అశుభం' అని రాసి వస్తుంది, గుమ్మం బయటే చదివి చింపేసి స్నానం చేస్తారు. అందుకని ఏ ఇంటి కట్టలోనూ అది దొరకదు. నా దగ్గర ఒక తీగ ఉంది, 2011లో ఇక్కడే కొన్నది. అందులో ఒక అత్తగారు అల్లుడికి నెలకి రెండు కార్డుల లెక్కన రాస్తూ వస్తుంది. మామిడికాయల ధర, గేదె ఈనడం, చంటిదాని దగ్గు. ఒకచోట ఆగిపోతుంది. ఆ పైన ఆవిడ చేతిరాత ఉండదు. తర్వాత పదమూడు కార్డులు వేరేవాళ్లవి. పద్నాలుగోది బావమరిది రాసింది, "అమ్మ సంవత్సరీకమునకు మీరు ఒక రోజు ముందే రావలెను" అని. నడుమ రావాల్సిన కార్డు వచ్చే ఉంటుంది, వాకిట్లో చిరిగిపోయి ఉంటుంది. ఇవే కార్డులు విడివిడిగా పది రూపాయల గుట్టలో పడుంటే నాకు మామిడికాయల ధర తెలిసేది, అంతే.

ఇప్పుడు ఫిర్యాదు. పోయిన ఫిబ్రవరిలో ఒక ఆదివారం, ఎనిమిదింపావుకి, మూసి ఉన్న ఒక చెప్పుల షాపు మెట్ల మీద ఒక కుర్రాడు గోనెసంచీ విప్పుతున్నాడు. నాకు కొత్తవాడు. సంచీలోంచి ముందు స్టీలు డబ్బా మూత, తర్వాత పంచాంగాలు, తర్వాత తీగ! జానెడు మందాన కార్డులు. పైదాని మీద ముద్ర మసూలిపటం, అంటే మా బందరే. గుండె ఒక్కసారి ఆగినట్టయింది. బయటికి మాత్రం ఏమీ ఎరగనట్టు పంచాంగం తిప్పుతూ ఎంత అని అడిగాను.

"ఒక్కోటి పది సార్."

"మొత్తం?"

వాడు వేలితో దొంతర అంచు లెక్కపెట్టినట్టు చేసి "మూడొందలు ఉంటయి. మూడు వేలు ఇయ్యండి" అన్నాడు.

బేరమాడితే రెండు వేలకి వచ్చేదే. నా జేబులో ఏడొందలు ఉన్నాయి. ఫోను ఇంట్లో ఛార్జింగులో పెట్టి వచ్చాను, ఆ పూట ఆ బుద్ధి ఎందుకు పుట్టిందో. "తీసి పక్కన పెట్టు నాయనా, ఏటీఎంకి వెళ్లొస్తా" అన్నాను. సరే సార్ అన్నాడు. మొదటి ఏటీఎంలో డబ్బుల్లేవు. రెండోదాని దగ్గర క్యూ. అక్కడితో ఆగితే బాగుండేది. దారిలో పాత సహోద్యోగి కనబడి చాయ్ అన్నాడు. ఇరానీ చాయ్ తాగడానికి ఎంతసేపు అనుకున్నాను. నలభై నిమిషాలు అయింది.

తిరిగొచ్చేసరికి తీగ లేదు. కార్డులు మూడు వాటాలు అయిపోయాయి. బొమ్మలున్న పిక్చర్ కార్డులు ఎవరో కలెక్టర్ సార్ పట్టుకెళ్లాడు. కవర్లని ఇంకో ఆయన అక్కడే కూర్చుని కత్తెరతో స్టాంపులున్న మూలలు కత్తిరించుకుని, మిగిలిన కాగితం అక్కడే వదిలేసి వెళ్లాడు. స్టాంపుతో పాటు తేదీ ముద్ర సగం పోయింది, సగం కాగితం మీద మిగిలింది. మిగతా కార్డులు పట్టా మీద గుట్టగా ఉన్నాయి, పక్కన ఒకమ్మాయి వాటిని రంగుల వారీగా సర్దుతోంది, ఏదో అలంకారం ప్రాజెక్టుకట.

"తీగ ఎందుకు తెంపావు నాయనా?"

"తుప్పు పట్టింది సార్. పిల్లలకి గుచ్చుకుంటదని."

ఏమంటాం? వాడి మాటలో తప్పు లేదు. మిగిలిన వాటిల్లో ఎనభై నాలుగు కార్డులు ఏరుకున్నాను. ఆ అమ్మాయి తన చేతిలోవి కూడా ఇచ్చేసింది, మొహం చూసి జాలిపడిందో ఏమో.

ఇంటికొచ్చి డైనింగ్ టేబులు మీద పరిచాను. నాలుగు రోజులు మేము నేల మీదే కూర్చుని తిన్నాం. చిల్లు చుట్టూ తుప్పు ఒక ఉంగరంలా పడుతుంది. ఒక కార్డు వెనక ఉంగరం, దాని కింద ఉన్న కార్డు ముందు ఉంగరం ఒకే ఆకారంలో ఉంటాయి. ఒకదాని సిరా ఇంకోదాని మీద లేతగా అచ్చుపడి ఉంటుంది, అద్దంలో చూస్తే చదవొచ్చు. కార్డు వంగిన వంపు కూడా పక్కదానితో కలుస్తుంది. అలా భూతద్దం పెట్టుకుని అరవై ఒక్క కార్డుల్ని వరసలో పెట్టగలిగాను. ఇరవై మూడు ఇంకా విడిగానే ఉన్నాయి. సార్టింగు మానేసి ఏడేళ్లయినా ఆ నాలుగు రోజులూ డ్యూటీ చేసినట్టే ఉంది. మా ఆవిడ మొదటి రెండు రోజులు విసుక్కుని, మూడో రోజు తనే ఒక జత కలిపింది.

అందులో ఒకటి మాత్రం మీకు చెప్పాలి. ముప్పావు అణా కార్డు, త్రిమూర్తి బొమ్మ అచ్చు. 1951 నాటిది. బందరు ఈడేపల్లి నుంచి హైదరాబాదు సుల్తాన్‌బజారుకి. నాలుగు మూలలా పసుపు, ఇప్పటికీ వేలికి అంటుతుందేమో అనిపించేంత. మధ్యలో చిల్లు, చిల్లు వల్ల 'క్షేమము'లో 'మ' ఎగిరిపోయింది. "మహారాజశ్రీ బావగారికి నమస్కారములు. ఉభయకుశలోపరి. చిరంజీవికి మాఘమాసములో ముహూర్తము నిశ్చయమైనది. తమరు మొన్న చేతికి ఇచ్చి పంపిన పది రూపాయలు హాలీవి. ఇచ్చట చెల్లవు. షావుకారు వాటిని చూచి నవ్వినాడు. దయచేసి కల్దారు పంపగలరు." కిందా పైనా చోటు చాలక మిగతాది అంచుల వెంట తిప్పి రాశాడు. పెళ్లి కబురుకి పసుపు పూశాడు, అదే కార్డులో డబ్బు సంగతి కూడా ముగించేశాడు, ముప్పావు అణా దండగ చేయలేదు. కల్దారు అంటే ఇండియా ప్రభుత్వపు రూపాయి, ఏడు హాలీలకి ఆరు కల్దార్లు ఆనాటి లెక్క. హైదరాబాదు సంస్థానం యూనియన్‌లో కలిసిపోయి మూడేళ్లవుతున్నా ఆ డబ్బు ఇంకా నడుస్తూనే ఉందని పుస్తకాల్లో చదివాను. బందరు బజార్లో ఆ డబ్బు చూసి నవ్వారని మాత్రం ఈ కార్డు వల్లే తెలిసింది. దాని తర్వాతి కార్డు దొరకలేదు. కల్దారు వచ్చాయో లేదో తెలియదు.

కాబట్టి ఈ సంత మీద నా తీర్పు ఇది. సరుకు విషయంలో దీనికి సాటి వచ్చేది నాకు తెలిసి లేదు. సరుకుని అమ్మే పద్ధతి మాత్రం మనలాంటి వాళ్లకి శత్రువు. ఒక ఇంటి కాగితాలు ఒక సంచీలో వస్తాయి. పొద్దున ఏడున్నర ఎనిమిదికి అది ఇల్లే. పదయ్యేసరికి పది రూపాయల గుట్ట, ఇరవై గుట్ట, స్టాంపుల గుట్ట. వాళ్లని తప్పుపట్టలేం, అలా విడగొడితేనే వాళ్లకి గిట్టుబాటు. అందుకే వెళ్లేవాళ్లు పెందలాడే వెళ్లండి, పుస్తకాన్ని కాకుండా సంచీని బేరమాడండి. "ఇది ఏ ఊరినుంచి వచ్చింది, ఏ పేట?" అని అడిగి, చెప్పింది కవరు మీద పెన్సిలుతో రాసుకోండి. సగంమంది చెప్పరు. చెప్పినవాళ్లు చెప్పింది కూడా ఎప్పుడూ నిజం కాదు.

తెలంగాణ ఊళ్లు పోగుచేసేవాళ్లకి ఇక్కడ నాకంటే పండగ. ఉర్దూ దస్తావేజులు, నిజాం కాలం స్టాంపు కాగితాలు బాగా వస్తాయి. చదవడం రాకపోయినా ఫసలీ సంవత్సరం, అంటే నిజాం సర్కారు కాగితాల్లో వాడిన సంవత్సరం, అంకెలు పట్టుకుంటే చాలు. దానికి 590 కలిపితే మన క్రీస్తుశకం వస్తుంది. 1357 ఫసలీ అంటే 1947 అక్టోబరులో మొదలైన సంవత్సరం. ఆ కాగితాల మీద నాకు ఇంతకంటే పట్టు లేదు. సినిమా పాటల పుస్తకాల సంగతైతే అడక్కండి. ఒకప్పుడు రూపాయికి రెండిచ్చేవాళ్లు, ఇప్పుడు హీరో పేరు చూసి రేటు చెబుతున్నారు.

మోసాలు ఉన్నాయా అంటే, ఫుట్‌పాత్ మీద తక్కువే. పది రూపాయల కార్డుకి నకిలీ చేసేంత ఓపిక ఎవరికుంటుంది? తెలియక చెప్పే మాటలు మాత్రం ఉంటాయి. ఒకాయన నాకు ఇన్‌లాండ్ లెటర్ చూపించి "క్విట్ ఇండియా టైముది సార్" అన్నాడు. ఇన్‌లాండ్ వచ్చిందే 1950 అక్టోబరు 2న. నేను నవ్వితే ఆయనా నవ్వి ఐదు తగ్గించాడు.

నేను మోసపోయింది ఆన్‌లైన్‌లో. పేరెందుకు గానీ, పాత కార్డులు అమ్మే ఒకరి దగ్గర 1908 మూసీ వరద పిక్చర్ పోస్టుకార్డు పద్దెనిమిది వందలకి కొన్నాను. బందరుది కాకపోయినా ఆశపడ్డాను. ఆ సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలో చింతచెట్టెక్కి నూటయాభై మంది దాకా బతికారని చెప్పుకుంటారు, ఆ చెట్టు కింద నిలబడి చూసినవాణ్ని. ఫోటోలో కార్డు ముందువైపే పెట్టాడు. వచ్చాక వెనక్కి తిప్పితే అడ్రసు రాసే చోట ఆరు చిన్న గళ్లు. పిన్‌కోడ్ గళ్లు! పిన్‌కోడ్ పెట్టింది 1972 ఆగస్టు 15న. ముప్పై మూడేళ్లు ఆ గళ్లు చూసి ఉత్తరాలు విసిరినవాడికి అమ్మాడు. భూతద్దంలో చూస్తే బొమ్మంతా వరసగా రంగు చుక్కలు, ఇప్పటి ఆఫ్‌సెట్ అచ్చు. ఆ కాలపు అసలు ఫోటో కార్డయితే చుక్కలే ఉండవు, నలుపు మెల్లగా తెలుపులోకి జారిపోతుంది. కొలోటైపు అనే పాత అచ్చు పద్ధతిలో అయితే సన్నని మెలికల గరుకు కనబడుతుంది. డబ్బు వాపసు అడిగితే "కింద రీప్రింట్ అని రాశాం కదా సార్" అని జవాబు. రాశాడు, నిజమే, చీమ తలకాయంత అక్షరాల్లో. కొనేముందు వెనకవైపు ఫోటో అడగండి. ఇవ్వనంటే వదిలేయండి.

ఇంటికి తెచ్చాక చేయకూడనివి చెబుతాను, అన్నీ చేసి నష్టపోయినవే. చిరిగినచోట సెల్లోటేపు వేయకండి, నాలుగేళ్లకి బెల్లం రంగు మరక మిగులుతుంది, టేపు ఊడుతుంది. పల్చటి కాగితం ముక్క, ఉడకబెట్టిన మైదా జిగురు చాలు. లామినేషన్ చేయిస్తే కాగితాన్ని చంపినట్టే, ఇక తీయలేం. గుండుసూదులు ముందు పీకేయండి. బజార్లో దొరికే మెత్తటి ప్లాస్టిక్ కవర్ల ఆల్బమ్‌లో పెడితే సిరా కవరుకి అంటుకుపోతుంది, నా శుభలేఖలు నాలుగు అలాగే పోయాయి. కలరా ఉండలు పెట్టెలో వేసినా కాగితానికి తగలకుండా గుడ్డలో కట్టాలి. తీగ తుప్పుదే కాబట్టి దాన్ని తీసేసి అదే చిల్లులోంచి నూలుదారం వేస్తున్నాను, వరస చెడకుండా.

మా మేనల్లుడు డాలస్‌లో ఉంటాడు. "మామయ్యా, ఒక కట్ట నాకు పంపు, ఇక్కడ ఫ్రేము కట్టిస్తా" అంటాడు. పాత కాగితాలు దేశం దాటించాలంటే 1972 నాటి పురావస్తువుల చట్టం ఉంది. డెబ్బై ఐదేళ్లు దాటిన రాతప్రతులు, దస్తావేజులు చరిత్ర విలువ ఉన్నవైతే దాని కిందికి వస్తాయి. బయటి దేశాల్లో ఉన్న మనవాళ్లు సెలవులకి వచ్చి కొనేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి. వాడికి ఫోటోలు తీసి పంపాను. ఫ్రేము కట్టించాడో లేదో అడగలేదు.

సౌకర్యాలు? లేవు. నీడ పదకొండు దాకా ఒకవైపు, తర్వాత రెండోవైపు కొంచెం. బాత్రూము కోసం హోటల్లో టిఫిన్ తినాల్సిందే. ఇప్పుడు అందరి దగ్గరా ఫోన్‌తో డబ్బు కట్టే స్కానర్ ఉంది, అయినా చిల్లర ఉంటే బేరం బాగా తెగుతుంది. పదికి పన్నెండు చెప్పినా అరవకండి, వాళ్లు కూడా పాత కాగితాలవాళ్ల దగ్గర కిలోల్లో తూచి, ఆటోలో వేసుకుని వస్తారు. వాన పడితే మొత్తం సంతే ఉండదు. పట్టా కప్పేసి వెళ్లిపోతారు.

తీగ తెంపిన కుర్రాడు ఇప్పుడు నాకు ఫోన్ చేస్తాడు. ఆ పూట నా మొహం చూసి నంబరు రాసుకున్నాడు. మొన్న బుధవారం చేశాడు. "సార్, ఇంకో సంచీ వచ్చింది. తీగ ఉన్నది. ముట్టుకోలే." ఏ ఊరిది అంటే, పై కార్డు మీద ఇంగ్లీషులో ఏదో ఉంది, చదవడం రాదన్నాడు. ఫోటో పంపమన్నాను. పంపాడు, వేలు అడ్డం పెట్టి తీశాడు. 'ఎం' కనబడుతోంది, తర్వాత వేలు. మసూలిపటమో, మదనపల్లో, మద్రాసో. ఆదివారం ఏడింటికి వస్తానన్నాను. ఫోన్ ఈసారి శనివారం రాత్రే ఛార్జింగులో పెట్టాలి. వాతావరణం వాళ్లు ఆదివారం వాన అంటున్నారు.